వేడినీళ్ళ కొలనూ, మూసీ కింది కిషన్‌బాగూ

కోకాపేట, నార్సింగి వైపు ఇల్లు కొందామని నాలుగు ఆదివారాలు తిరిగినవాళ్ళకు ఒక మాట బాగా అలవాటైపోయి ఉంటుంది: "టెంపరేచర్ కంట్రోల్డ్ పూల్ సర్!" క్లబ్‌హౌస్, జిమ్ము, నడక దారితో పాటు ఇప్పుడు వేడినీళ్ళ ఈతకొలను కూడా బ్రోచర్‌లోకి ఎక్కేసింది. మే నెలలో నలభై దాటే ఊళ్ళో నీళ్ళు వేడి చేసుకోవడమేంటని నవ్వొస్తుంది గానీ, డిసెంబరు రాత్రుళ్ళు ఇక్కడ 13, 14 డిగ్రీలకు దిగుతాయి. ఈతకు హాయిగా ఉండేది 28 దగ్గర. అంటే కోరికలో వింతేమీ లేదు. పైగా అది కొత్తదీ కాదు. ఈ నగరంలో వేడినీళ్ళ చరిత్ర నాలుగు వందల ఏళ్ళ పైమాటే. దాన్ని పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో నిలబడి చూస్తే, ఇల్లు కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న కొంచెం మారుతుంది.

1591లో చార్మినార్ చుట్టూ కొత్త నగరం వేసినప్పుడు మసీదులు, సరాయిలు, బజార్లతో పాటు హమామ్‌లు కూడా కట్టారని పర్షియన్ చరిత్రకారులు రాశారు. హమామ్ అంటే ఊరంతటికీ కలిపి ఒక వేడినీళ్ళ గది. ప్రతి ఇంట్లో కట్టెలు తగలెయ్యకుండా ఒకచోట పొయ్యి, ఒకచోట తొట్టెలు, గోడల్లో మట్టి గొట్టాలు. దాని పనితీరు చూడాలంటే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఒక హమామ్ ఇంకా నిలబడి ఉంది. వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ వేరువేరు తొట్లు, మధ్యలో పన్నెండు మూలల రాతి అరుగు. కాకపోతే అది బతికున్నవాళ్ళ కోసం కట్టింది కాదు. రాజకుటుంబంలో ఎవరైనా పోతే ఖననానికి ముందు చివరి స్నానం చేయించిన చోటు. ఊరి జనం చేసిన స్నానాల గుర్తులు ఇంత చక్కగా మిగల్లేదు.

మామూలు ఇళ్ళలో వేడినీళ్ళంటే కాగు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, మసిబట్టిన కాగు, అందులోంచి చెంబుతో తోడుకున్న నీళ్ళు. పండగనాడు తలంటికి ఇంటిల్లిపాదికీ ఒకే కాగు సరిపోవాలి. ముందు లేచినవాడికి వేడినీళ్ళు, చివరివాడికి గోరువెచ్చన. గీజరు వచ్చాక ఈ వరుస పోయింది. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న ధ్యాస కూడా దాంతోనే పోయింది.

కిషన్‌బాగ్ భూగోళం చూస్తే ఆ ధ్యాస మళ్ళీ వస్తుంది. కిషన్ అంటే కృష్ణుడు, బాగ్ అంటే తోట. ఇక్కడి మురళీమనోహరస్వామి గుడి నిజాముల కాలం నాటిది. ఉత్తరాన మూసీ, దక్షిణాన మీర్ ఆలం చెరువు. ఆ చెరువు కట్టను 1804లో మొదలుపెట్టి రెండేళ్ళలో ముగించారు. కట్టించింది నిజాం దివాన్ మీర్ ఆలం. కట్టలో 21 అర్ధచంద్రాకారపు ఆర్చీలు నీళ్ళకు ఎదురుగా పొట్టలు పెట్టి నిలబడతాయి. నీటి బరువు ఆర్చీని నొక్కుతుంది, ఆర్చీ ఆ బరువును పక్కనున్న స్తంభాలకు పంచేస్తుంది. సిమెంటు, ఉక్కు లేకుండా రెండు వందల ఏళ్ళు నిలిచిన లెక్క అది. సుమారు ఒక శతాబ్దం పాటు నగరానికి తాగునీరు ఈ చెరువు నుంచే వెళ్ళింది. అంటే ఇవాళ మనం 'వెనకబడిన పాతబస్తీ' అని తేలిగ్గా అనేసే ఈ ప్రాంతమే ఒకప్పుడు ఊరికి నీళ్ళు పోసింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద పైన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. వరద ఆగింది, తాగునీరు దొరికింది. దాంతో నీటి కేంద్రం నదికి పైకి, పడమటికి జరిగింది. మీర్ ఆలం చెరువు పని అయిపోయింది. కింద మూసీలో నీళ్ళు తగ్గి మురుగు మిగిలింది.

ఆ రెండు జలాశయాలను కాపాడటానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. మరుసటి ఏడాది ఆగస్టులో, గండిపేటకు కూతవేటు దూరంలోని కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా వంద కోట్లు దాటింది. వేడినీళ్ళ కొలనులు లేస్తున్నది ఈ నేలమీదే. నగరం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం ఇప్పుడు కృష్ణా, గోదావరుల నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తోంది.

ఇప్పుడు కొంచెం లెక్క. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు కొలను అనుకుందాం. మూడు లక్షల లీటర్లు. దాన్ని 23 నుంచి 28 డిగ్రీలకు తేవాలంటే సుమారు 1,750 యూనిట్ల వేడి కావాలి. మంచి హీట్ పంపు నాలుగో వంతు కరెంటుతో ఆ పని చేస్తుంది. అసలు నష్టం ఆవిరిలో. రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైతే వెయ్యి లీటర్లు, నెలకు 30,000 లీటర్లు. జలమండలి ఒక ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20,000 లీటర్లు. అంటే కొలనులో నెలకు గాలికి పోయేది ఒకటిన్నర ఇళ్ళ వాటా.

ఇది చూసి "అన్యాయం" అని చప్పున తీర్పు చెప్పలేం. 500 ఫ్లాట్లు ఉంటే ఒక్కో ఇంటికి పడేది నెలకు మూడు బకెట్లు. ఇంటింటా షవర్లు మింగే నీళ్ళ ముందు అదెంత! నిజానికి అందరికీ కలిపి ఒక కొలను అంటే పాత హమామ్ లెక్కే. తేడా గేటు దగ్గర వస్తుంది. హమామ్ తలుపు బజారులోకి తెరుచుకునేది. ఇక్కడి తలుపు యాక్సెస్ కార్డుకు తెరుచుకుంటుంది.

కొలను కన్నా బరువైనది దాని చోటు. నదికి పైనున్నవాడు చేసిన ప్రతి పనీ కిందున్నవాడి గుమ్మం దాకా వస్తుంది. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు, వానకు పాతబస్తీలో కాలనీలకు కాలనీలే మునిగినప్పుడు, అది అందరం టీవీలో చూశాం. పైన చెరువుల్లో నేల పూడ్చినా, కాలువలు మళ్ళించినా, మురుగును శుద్ధి చెయ్యకుండా వదిలినా లెక్క చెల్లించేది కిషన్‌బాగ్ లాంటి చోట్లే. ఆ చెల్లింపు ఎవరి చదరపు అడుగు ధరలోనూ కనిపించదు.

ఇల్లు కొనొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నా జీతం కూడా ఆ పడమటి టవర్ల నుంచే వస్తోంది. ప్రకటనలో చూపిన సదుపాయం ఇవ్వకపోతే 2016 రెరా చట్టం ప్రకారం బిల్డర్‌ని నిలదీయొచ్చు. కాబట్టి పూల్ గురించి ధైర్యంగానే అడగండి: నెలకు మెయింటెనెన్స్ ఎంత, హీటరు ఎన్ని నెలలు నడుపుతారు అని. దాంతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. బోర్లు ఎండితే ట్యాంకరు ఏ ఊరి నుంచి వస్తుంది? వాడేసిన నీళ్ళు శుద్ధి అయ్యాక ఏ కాలువలో కలుస్తాయి? రెండో ప్రశ్నకు సేల్స్ కుర్రాడు తడబడితే, ఆ కాలువ వెంట వేలితో మ్యాపు మీద తూర్పుకు రండి. బాపూఘాట్ దాటాక, పురానాపూల్ రాకముందే, కుడివైపు కిషన్‌బాగ్ కనిపిస్తుంది.