నీటికింది నగరాలు

సైన్సు నవల అనగానే మన సాహిత్యాధ్యాపకులు పలువురు పెదవి విరుస్తారు. అది పిల్లల వినోదమనీ, జీవితం నుంచి పారిపోయే దారి అనీ వారి అభిప్రాయం. కంప్యూటర్లూ కంపెనీలూ రాజ్యమేలే రేపటి నగరాలను చిత్రించే ‘సైబర్‌పంక్’ నవలల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ మాట 1983లో అచ్చయిన బ్రూస్ బెత్కీ కథకు పేరుగా పుట్టింది. మరుసటి ఏడు విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ దానికి రూపు దిద్దింది. ఐతే ఈ తరహా నవలల్లో సముద్రగర్భంలో నడిచేవాటికి అంతకంటె చాలా పాత చరిత్ర వుంది. ఆ చరిత్రను చదివేటప్పుడు వదలకుండా అడగవలసిన ప్రశ్న ఒకటి: నీటి కిందికి దిగేది ఎవరు, ఎవరి లాభం కోసం?

జూల్ వెర్న్ జలాంతర్గామి నవల పుస్తకంగా రావడం పూర్తయింది 1870 ప్రాంతంలో. ఆ 1870లోనే బొంబాయి నుంచి ఏడెన్ మీదుగా సూయజ్‌కు బ్రిటిష్‌వారు సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ వేశారు. 1857 తిరుగుబాటు కబురు లండన్ చేరడానికి వారాలు పట్టిన సంగతి సామ్రాజ్యం మరచిపోలేదు. ఆ తిరుగుబాటులో పోరాడి ఓడిన బుందేల్‌ఖండ్ రాకుమారుడే తన కెప్టెన్ నీమో అని వెర్న్ ‘రహస్య ద్వీపం’లో బయటపెట్టాడు. మొదట నీమోను జారు మీద పగబట్టిన పోలిష్ వీరుడిగా చేద్దామనుకున్నాడు. రష్యా మార్కెట్టు పోతుందని ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. మన తిరుగుబాటుదారుడు ఒక వ్యాపారి లెక్కల మూలంగా విశ్వసాహిత్యంలో అడుగుపెట్టాడన్నమాట!

ఎంతైనా నీమో రాకుమారుడు. తన ఇష్టంతో దిగాడు. 1928లో సోవియట్ రచయిత బెల్యాయెవ్ సృష్టించిన ఉభయచర మానవుడికి ఆ స్వేచ్ఛ లేదు. వైద్యుడు అతనికి సొరచేప మొప్పలు అమర్చితే, ముత్యాల వ్యాపారి అతన్ని పట్టి ముత్యాలు ఏరించుకోవాలని చూస్తాడు. 1950లలో జపాన్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన కొబో అబే 1958-59లో రాసిన నవల మరీ కటువైనది. భవిష్యత్తు చెప్పే యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుడికి, పుట్టని శిశువులను కొని మొప్పల మనుషులుగా పెంచే రహస్య సంస్థ ఎదురవుతుంది. అతని సొంత బిడ్డకూ ఆ గతే. సైబర్‌పంక్ పేరు పుట్టడానికి ఇరవై అయిదేళ్ల ముందే దాని సారమంతా ఇక్కడ వుంది.

పీటర్ వాట్స్ 1999 నవల ‘స్టార్‌ఫిష్’ ఆ సారానికి నేటి పరిభాష ఇచ్చింది. పసిఫిక్ అడుగున భూతాపంతో విద్యుత్తు తీసే కంపెనీ, బాల్యంలో హింసకు గురై మనసు చెదిరినవారిని ఏరి పనిలో పెడుతుంది. ఒక ఊపిరితిత్తి తీసి ఆ చోట యంత్రం పెడుతుంది. గాయపడిన మనిషే ఆ చీకటికి బాగా అలవాటుపడతాడని దాని లెక్క.

ఇంత దూరం పోనక్కర్లేదు. నీట మునిగిన నగరం మన పల్నాటిలోనే వుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు నాగార్జునకొండ లోయలో 1926లో బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. మునక ముంచుకొస్తుండగా 1954-60 మధ్య లోయను విస్తారంగా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీదా, అనుపు వద్దా తిరిగి నిలబెట్టారు. మిగిలినది జలాశయం అడుగున వుంది. దానితోపాటు పల్లెలూ మునిగాయి. ఆనకట్ట కట్టవలసింది కాదని నేననడం లేదు. అది రాతికట్టడం, కూలీల తలలమీద లేచినది; దాని కుడికాలువే మా నాదెండ్ల వైపు మిరపకూ పత్తికీ తడి. కాని రాళ్లను మోసుకెళ్లినంత జాగ్రత్తగా మనుషుల జ్ఞాపకాన్ని ఎవరు మోశారు?

మా విద్యార్థులు శాంతమూలుడి నుంచి రుద్రపురుషదత్తుడి దాకా రాజుల పేర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. వారికి వాట్స్ కథ చెప్పి, ఇళ్లలో పెద్దవాళ్లనడిగి లోయలో మునిగిన పల్లెల పేర్లు రాసుకురమ్మన్నాను. ఇంతవరకు వచ్చింది ఒకే పేరు, పుల్లారెడ్డిగూడెం.