క్వేక్ నేర్పిన లెక్క

1996లో ‘క్వేక్’ ఆట వచ్చినప్పుడు సైరిక్స్ 6ఎక్స్86 ప్రాసెసర్ కొన్నవాళ్ళు కంగుతిన్నారు. ఆఫీసు పనుల్లో అది పెంటియంతో దీటుగా పోటీపడేది, ధరా తక్కువే. కానీ క్వేక్ తన త్రీడీ లోకాన్ని గీయడానికి దశాంశాల లెక్కల మీద బాగా ఆధారపడింది. ఆ లెక్కల్లో పెంటియం దిట్ట, సైరిక్స్ నత్తనడక.

2022లో కథ అడ్డం తిరిగింది. ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌త్రీడీ క్లాక్ స్పీడు దాని అన్న 5800ఎక్స్ కన్నా తక్కువ. అయినా 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ పుణ్యమా అని చాలా ఆటల్లో అన్ననే దాటేసింది. పైగా 2017 నాటి ఏఎమ్4 మదర్‌బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే చాలు, అందులోనే ఇమిడిపోయింది.

రెండుసార్లూ డబ్బా మీది అంకె ఒకటి చెప్పింది, ఆట ఇంకోటి చెప్పింది. అందుకే కొనేముందు నేను చూసేది ఒక్కటే: నేనాడే ఆటకి ఏది అడ్డుపడుతోంది? నా దగ్గరున్నది 2018 నాటి రైజెన్ 5 2600. రిజల్యూషన్ తగ్గించి ఆడి చూశాను. ఫ్రేములు అమాంతం పెరిగాయి. అంటే అడ్డం గ్రాఫిక్స్ కార్డుదే, ప్రాసెసర్‌కి ఇంకా ఓపికుంది. ఈ ఏడాదికి దాన్ని మార్చట్లేదు. ఓ నెల ఇంటద్దె మిగిలింది.