దొరసాని ఏం చేసేది?

1864 నవంబరు 30న బోస్టన్ రేవు నుంచి జేమ్స్ గత్రీ అనే తెరచాప ఓడ మద్రాసుకి బయల్దేరింది. అందులో ఒక కుర్ర జంట ఉంది. అతను జాన్ ఎవరెట్ క్లౌ, వయసు ఇరవై ఎనిమిది, మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వేయరు. ఆమె హారియట్ సండర్లాండ్. పెళ్ళై మూడేళ్ళు, చేతిలో పసిబిడ్డ. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు కాబట్టి ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. నాలుగు నెలలు నీళ్ళమీదే ఉండి 1865 ఏప్రిల్లో మద్రాసులో దిగారు. వాళ్ళు ఓడెక్కేటప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. ఆ యుద్ధం మూలంగా అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకి అందక, మన నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని ధర వచ్చింది. వీళ్ళు మద్రాసు చేరిన నెలలోనే దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు, లింకన్ హత్య జరిగింది. ఆ తర్వాత పత్తి ధర కూడా పడిపోయింది. వచ్చే ఏడాది సెప్టెంబరులో ఆ కుటుంబం ఒంగోలులో కాపురం పెట్టింది.

తర్వాతి కథ ఒంగోలు వైపు వాళ్ళందరికీ కాస్తో కూస్తో తెలిసిందే. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన సంఘం, 1876-78 నాటి ధాత కరువు, ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పనిని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆ అంకె ఎంత ప్రసిద్ధమంటే, మిగతా చరిత్రంతా దాని వెనక నిలబడి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది.

నేను ఆ పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది మాత్రం బాప్తిస్మాల కోసం కాదు. అమెరికాలో ఉన్న ఐదేళ్ళూ నా వీసా మీద హెచ్-1బి అని ఉండేది, నా భార్య వీసా మీద హెచ్-4 అని. ఇద్దరం ఒకే కాలేజీలో ఒకే డిగ్రీ చదివాం. మార్కులు ఆమెకే ఎక్కువ. ఉద్యోగం చేసే హక్కు నాకే. నరసరావుపేట నుంచో చీరాల నుంచో వెళ్ళిన కుర్రజంటల్లో ఇలాంటివి ఎన్నో. అలాంటి ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగే పనికి ఏ కాగితం మీదా పేరు ఉండదు. అందుకని, సరిగ్గా ఎదురు దిశలో, అమెరికా నుంచి మా మిరప పొలాల మధ్యకి వచ్చి కాపురం పెట్టిన జంటల ఇళ్ళు ఎలా నడిచాయో చూద్దామనిపించింది. దొర ఏం చేశాడో అందరూ రాశారు. మరి దొరసాని ఏం చేసేది?

కొంచెం వెనక్కి వెళ్తాను. అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే నెల్లూరు వచ్చారు. పదమూడేళ్ళయినా చెప్పుకోదగ్గ ఫలితం లేకపోయేసరికి 1853లో ఈ మిషన్‌ని ఎత్తేద్దామా అనే చర్చ అమెరికాలో నడిచింది. అప్పటికి నెల్లూరులో ఉన్నది లైమన్ జువెట్, ఆయన భార్య యూఫేమియా. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండనే అంటారు. ఆ ఐదుగురూ ఎవరంటే జువెట్, యూఫేమియా, నర్సు అనే క్రైస్తవ సహాయకుడు, జూలియా, రూతు. లెక్క చూడండి, ముగ్గురు ఆడవాళ్ళు. అయినా మనవాళ్ళ నోట ఆ కథ 'జువెట్ దొర కొండెక్కాడు' అనే మొదలవుతుంది.

గుంటూరులో లూథరన్లది ఇంకో రకం. 1842 జూలై 31న అక్కడికి వచ్చిన హేయర్ భార్య పోయినవాడు, వచ్చింది ఒంటరిగా. ఆయన తర్వాత 1844లో వాల్టర్ గన్ దంపతులు వచ్చారు. ఏడేళ్ళకే గన్ క్షయతో గుంటూరులోనే చనిపోయాడు. వేల మైళ్ళ దూరంలో, తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్న ఊళ్ళో, భార్యకి వైధవ్యం. మిషన్ చరిత్రల్లో ఇలాంటివి ఒక వాక్యంలో అయిపోతాయి.

ఇక ఇల్లు. మిషన్ బంగళా అంటే మనకి కళ్ళముందు మెదిలేది ఎత్తైన పైకప్పు, చుట్టూ వరండా, వెనకాల దూరంగా వంటిల్లు, ప్రహరీ లోపల వేపచెట్లు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గదిలో పైన వేలాడే గుడ్డ పంఖా, బయట కూచుని తాడు లాగే మనిషి. గోధుమలు మనవైపు పండవు, పిండి దూరం నుంచి రావాలి. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో దొరల ఇళ్ళకి రొట్టె కావాలంటే పిండిని కల్లుతో పులియబెట్టేవాళ్ళు. మద్యం పాపమని ఊరూరా చెప్పే బాప్టిస్టుల బల్లమీదికి తాటిచెట్టు ఇలా దొడ్డిదారిన వచ్చి కూచుందన్నమాట! పాలకి మాత్రం లోటేముంది, ఒంగోలు ఆవులు. ఆ జాతి పశువులు తర్వాత బ్రెజిల్ వెళ్ళి అక్కడ 'నెలోరె' అయ్యాయి, ఎందుకంటే అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రవాసంలో పేరు మారడం మనుషులకే కాదు.

తెల్లవాళ్ళ ఇంట్లో పనివాళ్ళ వ్యవహారం కులంతో ముడిపడి ఉండేది. గొడ్డుమాంసం వండే వంటింట్లోకి, ఎవరు తాగిన గ్లాసో తెలియని చోటికి, పై కులాలవాళ్ళు పనికి రారు. మద్రాసు రాజధాని అంతటా దొరల ఇళ్ళల్లో బట్లర్లూ వంటవాళ్ళూ ఆయాలూ ఎక్కువగా అంటరానివాళ్ళుగా ఊరి బయట ఉంచిన కులాల నుంచి వచ్చారు. ఊళ్ళో బావి ముట్టుకోనివ్వని మనిషి బంగళాలో నీళ్ళకుండ ముట్టుకున్నాడు, జీతం తీసుకున్నాడు, దొరసానితో రోజూ మాట్లాడాడు. దొరసాని తెలుగు నేర్చుకున్నది మున్షీ దగ్గరే అయినా, మాట్లాడింది ముందు వీళ్ళతోనే అయ్యుంటుంది. అలాగని ఇదేదో సమానత్వం అనుకోవద్దు. 1888లో ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అనే ఇద్దరు దొరసానులు ఇండియాలో ఇల్లు నడపడం మీద రాసిన పుస్తకం చాలా ప్రచారం పొందింది. అందులో పనివాణ్ణి పసిపిల్లాడిలా చూసి క్రమశిక్షణలో పెట్టాలని పాఠం. ఒక మనిషి ఇంట్లో పనిచేసే మనిషితో ఎలా ప్రవర్తించాలో చెప్పే పుస్తకంగా చూస్తే చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. మిషనరీల ఇల్లు సర్కారు దొరల ఇల్లంత డాబుగా ఉండదు నిజమే. కానీ పంఖా తాడు ఎవరి చేతిలో ఉందనే విషయంలో రెండిళ్ళూ ఒకటే.

ఇంకో తేడా ఏమిటంటే, మిషన్ ఇల్లు ఇల్లులా ఉండదు. పొద్దున వరండాలో జ్వరం మందు కోసం వచ్చినవాళ్ళు, పక్క గదిలో కుట్టుపని, చదువు నేర్చుకునే ఆడపిల్లలు, దొర క్యాంపులో ఉంటే ఊళ్ళ నుంచి వచ్చిన బోధకులు, వాళ్ళకి భోజనాలు, ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు. చలికాలంలో దొర గుడారాలూ ఎద్దుబళ్ళూ వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. అన్నాళ్ళూ బంగళా నడిచేది ఎవరివల్ల? అమెరికాలోని సంఘాలకి పంపే పట్టికల్లో మాత్రం 'రెవరెండ్ ఫలానా, భార్య' అని ఒక వరస. మా హెచ్-4 కాగితాల భాష ఇంతకంటే మెరుగ్గా ఏం లేదు లెండి.

ఆ ఇంట్లో తీసుకున్న నిర్ణయాలు చిన్నవి కావు. 1867 ప్రాంతంలో క్లౌ ముందు ఒక చిక్కు వచ్చిపడింది. ఒంగోలు బ్రాహ్మణుల పిల్లలు మిషన్ బడికి వస్తున్నారు. ఇంకోవైపు ఎర్రగుంట్ల పేరయ్య వెంట పల్లెల్లో మాదిగలు సంఘంలో చేరుతున్నారు. మాదిగలని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు పెద్దలు. మిషన్ పుస్తకాల్లో పదేపదే చెప్పే కథ ప్రకారం, ఆ రోజు క్లౌ తన గదిలో బైబిల్ తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒక చోటు తగిలింది. లోకం నీచమనుకున్నవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. భార్యకి చెబుదామని పక్క గదిలోకి వెళ్తే ఆమె కూడా సరిగ్గా అదే పుట చదువుతోంది. బడి పోతే పోయింది, మాదిగలని వదలం అని ఇద్దరూ తేల్చుకున్నారు. భక్తులు దీన్ని అద్భుతంగా చెబుతారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. ఒక ప్రాంతపు సామాజిక చరిత్రని మలుపు తిప్పిన నిర్ణయం ఆఫీసులో జరగలేదు, కమిటీలో జరగలేదు. రెండు గదుల మధ్య గుమ్మంలో, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటే జరిగింది. కానీ చరిత్రలో అది 'క్లౌ నిర్ణయం'.

పిల్లల సంగతి అన్నిటికంటే కష్టం. అప్పట్లో తెల్లవాళ్ళ పిల్లల్ని ఏడెనిమిదేళ్ళ తర్వాత ఈ ఎండలో ఉంచకూడదనే నమ్మకం గట్టిగా ఉండేది. పైగా ఇంగ్లీషు చదువు కావాలి. అమెరికన్ మిషన్ల పిల్లల కోసం కొడైకెనాల్లో బడి వచ్చింది 1901లో. అంతకుముందు దారి ఒక్కటే, పిల్లల్ని అమెరికా పంపేయడం. మసాచుసెట్స్‌లో న్యూటన్ సెంటర్ దగ్గర బాప్టిస్టులు మిషనరీల పిల్లల కోసమే ఒక వసతిగృహం నడిపారు. పిల్లల్ని అలా వదిలేయలేని తల్లి తనూ వెళ్ళిపోవాలి. హారియట్ అదే చేసింది. ఏళ్ళ తరబడి ఆమె, పిల్లలు అమెరికాలో, క్లౌ ఒంగోలులో. మధ్యలో వారాలు, నెలలు పట్టే ఉత్తరాలు. విదేశంలో కాపురం పెట్టిన జంట అనగానే ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నట్టు ఊహించుకుంటాం. ఆ కాపురంలో ఎక్కువ భాగం విడిగా ఉండటమే. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఇదే పద్ధతి తిరగబడి నడుస్తోంది. ఇద్దరూ ఉద్యోగాలు చేయాల్సి వచ్చి, ఆర్నెల్ల పిల్లని తెనాలిలో అమ్మమ్మ దగ్గర వదిలి, రాత్రి వీడియో కాల్లో పలకరించే జంటలు నాకు బాగా తెలుసు. నెట్ ఉంది కదా అంటారు. ఉంది, పిల్ల ఫోన్‌ని ముద్దుపెట్టుకుంటుంది.

హారియట్ పోయాక 1894లో క్లౌ రెండో పెళ్ళి చేసుకున్నాడు. నా దృష్టిలో ఒంగోలు బంగళాలో నివసించిన అందరిలోకీ విశేషమైన మనిషి ఆవిడే. పేరు ఎమ్మా రాషెన్‌బుష్, రోచెస్టర్‌లో జర్మన్ బాప్టిస్టు ప్రొఫెసర్ కూతురు. 1882లో ఒంటరి మిషనరీగా వచ్చింది. తర్వాత యూరప్ వెళ్ళి బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకుంది. దేనిమీద? మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద! 1792లో స్త్రీల హక్కుల కోసం పుస్తకం రాసిన ఆ వోల్‌స్టన్‌క్రాఫ్టే. ఆ పరిశోధన 1898లో పుస్తకంగా వచ్చింది. ఆ మరుసటి ఏడే 'వైల్ సూయింగ్ శాండల్స్' వచ్చింది, చెప్పులు కుడుతూ చెప్పుకున్న మాటలన్నమాట. మాదిగ పెద్దల దగ్గర కూచుని విన్న కులపురాణాలు, మాతంగి ఆచారం, పేరయ్యకి క్రైస్తవం కంటే ముందున్న యోగమార్గం, గురువులు. మన పల్లె చరిత్రలో మాదిగల నోటిమాటని ఇంత శ్రద్ధగా కాగితం మీద పెట్టిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఆమె చూపులో మిషనరీ పక్షపాతం ఉంది, తెల్లవాళ్ళ పెద్దరికం కూడా కొంత ఉంది. అయినా మన పండితులు తాళపత్రాలు వెతుకుతున్న రోజుల్లో ఆవిడ మాదిగవాడలో చెవి పెట్టింది.

క్లౌ 1910లో రోచెస్టర్‌లో చనిపోయాడు. 1914లో ఆయన ఆత్మకథ వచ్చింది, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'. రచయిత జాన్ ఇ. క్లౌ. కింద, ఆయన కోసం రాసిపెట్టినది భార్య ఎమ్మా అని. పుస్తకమంతా 'నేను' అని నడుస్తుంది. ఆ నేను క్లౌ. కానీ ఆ సోషల్ క్రిస్టియానిటీ అనే మాట ఎవరిది? ఎమ్మా తమ్ముడు వాల్టర్ రాషెన్‌బుష్ అమెరికాలో ఆ ఆలోచనాధోరణికి పెద్ద దిక్కు, 1907లో ఆయన పుస్తకం పెద్ద దుమారం లేపింది. గ్రామ వ్యవస్థ, వెట్టి, మాదిగల కట్టుబాట్లు, కులం ఒక గుంపుగా కదిలే తీరు, వీటి గురించి ఆ ఆత్మకథలో ఉన్న విశ్లేషణ చదువుతుంటే మిన్నెసోటా సర్వేయరు గొంతు వెనక బెర్న్ డాక్టరేటు స్పష్టంగా వినపడుతుంది. కోడ్ ఒకరు రాసి కమిట్ ఇంకొకరి పేరుమీద పడటం మా వృత్తిలోనూ మామూలే.

స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసిన మనిషి, భర్త 'నేను'లోకి అంత తేలిగ్గా ఎలా ఒదిగిపోయింది? ప్రేమ అనుకోవచ్చు. నమ్మిన ఉద్యమానికి ఒక పెద్దమనిషి పేరు ఉంటే అమెరికాలో నలుగురూ వింటారన్న లెక్కా అయ్యుండొచ్చు. రెండోదే నిజమని నా మొగ్గు. ఎందుకంటే తన పేరుతోనే రెండు పుస్తకాలు వేసుకున్న మనిషికి పేరు విలువ తెలీక కాదు.

పెళ్ళికాని ఆడవాళ్ళకి పరిస్థితి కాస్త నయం. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వెనక భర్త లేడు కాబట్టి, 1898లో తెరిచిన ఆస్పత్రి ఆమె పేరుతోనే జనం నోట నిలిచింది. కుగ్లర్ ఆస్పత్రి అంటే గుంటూరులో ఆటోవాడికీ తెలుసు. యూఫేమియా అంటే ఒంగోలులో ఎంతమందికి తెలుసు?

అమెరికా ప్రభుత్వం 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఒక దశ దాటిన హెచ్-1బి వాళ్ళ భార్యలకీ భర్తలకీ ఉద్యోగానికి అనుమతి ఇచ్చింది. ఆ దశ చేరని వాళ్ళు పాత లెక్కలోనే ఉన్నారు. మా ఆవిడ ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో పక్క అపార్ట్‌మెంటు పిల్లలకి లెక్కలు చెప్పేది, డబ్బు తీసుకోకుండా, తీసుకుంటే నేరం కాబట్టి. ఇండియా వచ్చాక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో అడిగారట, మధ్యలో ఈ ఐదేళ్ళు ఏం చేశారండీ అని.