గ్లూటమేట్‌ని ఎత్తేసేదెవరు?

ఫ్రైడ్ రైస్ బండి దగ్గర చల్లే టేస్టింగ్ సాల్ట్ ఉంది కదా, అందులోని గ్లూటమేట్‌ని మన మెదడు కూడా సొంతంగా తయారుచేసుకుంటుంది. నాడీకణాల మధ్య కబుర్లు మోసేది అదే. ఈ మాట నమ్మడానికి సైంటిస్టులకే చాలా ఏళ్లు పట్టింది.

1954లో జపాన్‌లో హయాషి జంతువుల మెదడులోకి దాన్ని ఎక్కిస్తే ఫిట్స్ వచ్చాయి. తర్వాత కాన్‌బెర్రాలో కర్టిస్, వాట్కిన్స్ వాళ్లు పిల్లుల వెన్నుపాములో చూస్తే కణాలు రెచ్చిపోయాయి. అయినా వాళ్లే ఒప్పుకోలేదు! అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, మరి దీనికేది? న్యాయమైన డౌటే. కానీ ఇక్కడ విరగ్గొట్టడం కాదు, కణాలు లోపలికి లాగేసుకుంటాయి.

ఆ లాగే ప్రోటీన్ల జన్యువులు 1992లో జెరూసలేం, కొలోన్, బోస్టన్, మూడు చోట్లా ఒకే ఏడాది దొరికాయి. ఒక్క గ్లూటమేట్ లోపలికి రావాలంటే మూడు సోడియంలు, ఒక ప్రోటాన్ వెంట రావాలి, ఒక పొటాషియం బయటికి పోవాలి. జీఎల్‌టీ-1 అనే రకం తీసేసిన ఎలుకలు ఫిట్స్‌తో చచ్చిపోయాయి, అది 1997. మా భాషలో చెప్పాలంటే మెమరీ లీక్, ఇక్కడ రీస్టార్ట్ లేదు అంతే.

2004లో రూపం కూడా తెలిసింది. సముద్రం అడుగున వేడి ఊటల్లో బతికే ఒక సూక్ష్మజీవిలోని చుట్టం ప్రోటీన్‌ది అది: మూడు ముక్కలు కలిసిన గిన్నె. ఒక్కో ముక్కలో కొంత భాగం సరుకుతో సహా లిఫ్ట్‌లా కిందికి దిగుతుందని 2009లో తేలింది. మెదడుకి రక్తం ఆగి స్ట్రోక్ వస్తే సోడియం, పొటాషియం లెక్క తప్పి, ఇదే లిఫ్ట్ గ్లూటమేట్‌ని బయటికి మోయడం మొదలుపెడుతుంది.