వైద్యపరీక్ష ఎవరి కొరకు? – మద్రాసు డిపో నుండి కువైట్ దాకా

పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంతంలో కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు గ్రామాలకు వెళితే, వానకు ఎదురుచూసే పొలాల మధ్య అక్కడక్కడ కొత్త మిద్దెలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి సిమెంటు, ఇనుము కొనిపెట్టినది కువైట్ దీనారు. పొరుగున ఉన్న కడప సీమ వలెనే ఈ సీమ వారు కూడా దశాబ్దాలుగా కువైట్, సౌదీ, ఖతర్ దేశాలకు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, వంటవారుగా, ఇంటిపని చేసే ‘ఖద్దామా’లుగా వెళుతున్నారు.

అటువంటి ఒక యువకుడు ప్రయాణానికి ముందు నా వద్దకు ఒక కాగితం తెచ్చాడు. “మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది సార్. ఇంక నా ఒంటికి ఏం భయం లేదు కదా?” అని అడిగాడు. కాగితం సరిగానే ఉంది. క్షయ లేదు, హెచ్.ఐ.వి. లేదు, కామెర్లు కలిగించే హెపటైటిస్ లేదు. కాని అతని రక్తపోటు ఎక్కువగా ఉంది. ఎండలో పనిచేసిన రోజున మూత్రం మంటగా వస్తుందని కూడా చెప్పాడు. ఆ కాగితం అతనికి ధైర్యాన్ని ఇచ్చిందే కాని, అతని ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో తెలియాలంటే నూట అరవై ఏళ్లు వెనక్కు వెళ్లాలి.

ఓడలో వైద్యుడు

1834లో బ్రిటిష్ వలస రాజ్యాలలో బానిసత్వం రద్దయిన తరువాత, చెరకు తోటలకు ఒప్పంద కూలీలను మన దేశం నుండి తీసుకుపోవడం మొదలయింది. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుండి ఎందరో తెలుగువారు ఓడలెక్కారు. ఆ రేవు పేరు మీదనే మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది. 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన ‘ట్రూరో’ అనే ఓడ, నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నటాల్ తోటలకు చేరిన మొదటి భారతీయులు వారే. పది రోజుల తరువాత కలకత్తా నుండి ‘బెల్వెడేర్’ అనే ఓడ వచ్చింది. అందులో కలరా ఉంది. తీరం చేరకముందే అనేకులు చనిపోయారు.

ఆ కాలపు ఓడ ప్రయాణం ఎంత ప్రాణాంతకమో ఒక్క లెక్క చాలు. 1856–57లో కలకత్తా నుండి కరీబియన్ దీవులకు వెళ్లిన ఓడలలో సగటున నూటికి 17 మంది దారిలోనే మరణించారు. కలుషితమైన నీరు, ఇరుకు, వాంతులు, విరేచనాలు – ఇవే కారణాలు. లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని 1854లోనే చూపాడు. ఆ మాటను లోకం అంగీకరించడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈ మరణాల తరువాతనే నియమాలు గట్టిపడ్డాయి. ఒక్కొక్కరికి ఇంత చోటు, ఇంత నీరు, ఇంత తిండి ఉండాలన్నారు. రేవులో డిపో పెట్టి, కొన్ని రోజులు ఉంచి, మశూచి టీకాలు వేసి, వైద్యుడు పరీక్షించిన తరువాతనే ఓడ ఎక్కించాలన్నారు. ‘వలసదారుల సంరక్షకుడు’ అనే ప్రభుత్వాధికారి సంతకం చేయాలన్నారు. ఓడలోని వైద్యుడికి ప్రాణాలతో దిగిన ఒక్కొక్క మనిషి లెక్కన పారితోషికం ఇచ్చారు. ఈ పద్ధతి వలన ఓడలలో చావులు తగ్గాయి. ఈ మేలును చరిత్ర కాదనలేదు.

అయితే ఆ పారితోషికం లెక్కను మరొకసారి చూడండి. మనిషి ఒడ్డున దిగగానే వైద్యుని బాధ్యత తీరిపోయింది. ఆ తరువాత తోటలో దెబ్బలు తిన్నా, కూలి అందకపోయినా, జ్వరంతో పనికి రాలేదని జీతం కోత పెట్టినా ఆ లెక్కలోకి రాలేదు. డిపోలోని పరీక్ష అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ శరీరం పనికి సరిపోతుందా?’ ‘ఈ పని ఈ శరీరానికి సరిపోతుందా?’ అని అది అడగలేదు.

ఆ రెండవ ప్రశ్నను అడిగినది కూలీలే. గడువు ముగించుకొని 1871లో మద్రాసుకు తిరిగివచ్చిన నటాల్ కూలీలు కొరడా దెబ్బల గురించి, ఎగవేసిన జీతాల గురించి ఫిర్యాదు చేశారు. దానిపై 1872లో నటాల్‌లో విచారణ సంఘం ఏర్పడింది. అక్కడ కూడా ఒక సంరక్షక అధికారిని నియమించిన తరువాత, 1874లో గాని వలస తిరిగి సాగలేదు. తిరిగివచ్చినవారు నోరు విప్పడమే ఆ మార్పుకు కారణం.

దోమను వెదకినవారు

ఆ రెండవ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన గొప్ప సమాధానానికి మన తెలుగు నేలతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. నాలుగేళ్ల తరువాత, 1901లో, మలయాలో పోర్ట్ స్వెటెన్‌హామ్ అనే కొత్త రేవు తెరిచారు. మలేరియా వలన రెండు నెలలలోనే దానిని మూసివేయవలసి వచ్చింది. ఆ ప్రాంతపు వైద్యాధికారి మాల్కం వాట్సన్ రాస్ సిద్ధాంతాన్ని నమ్మి, క్లాంగ్ పట్టణంలోను, ఆ రేవులోను చిత్తడి నేలల నీరు పారడానికి కాలువలు తీయించాడు. దోమలు తగ్గాయి, జ్వరాలు తగ్గాయి, రేవు నిలిచింది. తరువాత ఆయన తమిళులు, తెలుగువారు పనిచేసే రబ్బరు తోటలకు కూడా ఈ పద్ధతిని విస్తరించాడు.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. వాట్సన్ బలమైన కూలీలను ఏరి తెమ్మని చెప్పలేదు. పనిచేసే చోటును మార్చాడు. విదేశాలలో పనిచేసేవారి ఆరోగ్య రక్షణకు ఇంతకు మించిన సూత్రం నేటికీ లేదు.

రంగం నేర్పిన పాఠం

రోగం ఒక్కటే ప్రమాదం కాదు. మన కోస్తా జిల్లాల వారు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుండి స్టీమర్ ఎక్కి, రంగం రేవులో మూటలు మోయడానికి, రైసు మిల్లులలో పనిచేయడానికి వేలాదిగా వెళ్లేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వారిని పంపివేశారు. ఆ కోపం తెలుగు కూలీలపై అల్లర్లుగా మారి, అనేకుల ప్రాణాలు తీసింది. పరాయి దేశంలో కూలివాడు ఎవరి తగాదాలో ఎప్పుడు చిక్కుకుంటాడో అతనికే తెలియదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. ఆ తరువాతి నెలలలో లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. వారిని తీసుకువెళ్లే ఏర్పాటు ముందుగా ఎవరూ చేసి ఉంచలేదు. దారిలో కలరా, మలేరియా, రక్త విరేచనాలు, ఆకలి వేలాది మందిని బలిగొన్నాయి. తుపాకి గుండు కంటె త్రాగిన నీరే ఎక్కువ మందిని చంపింది.

దాదాపు అర్ధ శతాబ్దం తరువాత అదే పరీక్ష మళ్లీ వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. భారతీయులు బస్సులలో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరారు. ఎండలో, నీటి కొరతతో, గుడారాలలో రోజులు గడిపారు. పాస్‌పోర్టు యజమాని వద్ద ఉండి, ఆ యజమాని దేశం విడిచిపోగా, చేతిలో ఏ కాగితమూ లేనివారు ఎందరో ఉన్నారు. అయినా ఈసారి ప్రభుత్వం కదిలింది. అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా 59 రోజులలో 488 విమానాలు నడిపి, 1,11,711 మందిని తీసుకువచ్చింది. 1942లో అడవి దారి, 1990లో విమానం. ఈ రెంటి మధ్య తేడాకు మూలం ముందు చూపు, బాధ్యత వహించే ఒక ప్రభుత్వం.

నేటి కాగితాలు

1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో కొత్త చట్టం వచ్చింది. ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే పాత పదవి పేరు నేటికీ అలాగే ఉంది. హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. పదవ తరగతి దాటనివారు గల్ఫ్ పనులకు వెళ్లడానికి అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. 2003లో ప్రవాసీ భారతీయ బీమా వచ్చింది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా నేడు 10 లక్షల రూపాయలు లభిస్తాయి.

విజిటింగ్ వీసా మీద దొంగచాటుగా వెళ్లినవారికి ఈ రక్షణలేవీ అందవు. యజమాని వద్ద నుండి పారిపోయి ‘ఖల్లివల్లి’గా మిగిలినవారు జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లడానికి భయపడతారు. చికిత్స ఉండి కూడా అందని స్థితి అది.

సక్రమంగా వెళ్లినవారి విషయంలో కూడా ఒక లోపం ఉంది. బీమా ముఖ్యంగా ప్రమాదాలకే వర్తిస్తుంది. గల్ఫ్ నుండి వచ్చే శవపేటికలతో పాటు వచ్చే పత్రాలలో తరచుగా ‘గుండె ఆగిపోవుట’, ‘సహజ మరణం’ అని ఉంటుంది. మరణించిన ప్రతివారి గుండె ఆగుతుంది. అది మరణానికి వర్ణన మాత్రమే, కారణం కాదు. వడదెబ్బ తగిలి పడిపోయిన ముప్పై ఏళ్ల మనిషి మరణాన్ని సహజమని వ్రాస్తే, అతని కుటుంబానికి పరిహారమూ రాదు, తోటివారికి హెచ్చరికా అందదు.

వాట్సన్ మార్గం మాత్రం పూర్తిగా మరుగున పడలేదు. కువైట్‌లో జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 గంటల నుండి 4 గంటల వరకు ఆరుబయట పనిని నిషేధించారు. ఇది పనిచేసే చోటును మార్చే నియమం. కాని 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు మరణించారు. వారిలో మన రాష్ట్రం వారూ ఉన్నారు. వారందరికీ ఒకప్పుడు ‘ఫిట్’ అనే కాగితం వచ్చే ఉంటుంది. ఇరుకు భవనానికి అటువంటి పరీక్ష ఎవరు చేశారు?

వెళ్లేవారికి, పంపేవారికి

ఏజెంటు చేయించే పరీక్ష ఆ దేశానికి అంటురోగం రాకుండా చూడడానికి. మీ కొరకు చేయించుకోవలసిన పరీక్ష వేరు. రక్తపోటు, రక్తంలో చక్కెర, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, పళ్లు – ఇవి వెళ్లేముందు చూపించుకోవాలి. ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీరు త్రాగి పెరిగినవారికి నడుము, మోకాళ్ల నొప్పులుంటే, బరువులెత్తే పనికి ఒప్పుకొనే ముందు వైద్యునితో మాట్లాడాలి. ఎండలో కఠినమైన పనికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజునే పూర్తి పని చేయబోతే వడదెబ్బ ముప్పు ఎక్కువ. దాహం వేయకముందే నీరు త్రాగాలి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదు. ఆ వాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మన వద్ద సులభంగా దొరికే ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు గల్ఫ్ దేశాలలో జైలుకు దారి తీయవచ్చు. వైద్యుని చీటీ లేకుండా ఏ మందూ, ఇతరులు ఇచ్చిన ఏ పొట్లమూ తీసుకుపోరాదు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, బీమా పత్రం – ప్రతి దాని నకలు ఇంటిలో భార్య వద్దనో తల్లి వద్దనో ఉండాలి. భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు సెల్‌ఫోనులోనే గాక ఒక కాగితం మీద కూడా వ్రాసుకోవాలి. 1990లో కాగితాలు పరుల చేతిలో ఉండిపోయినవారు పడిన బాధను మరువకూడదు.

నా వద్దకు వచ్చిన ఆ యువకుడు మందులు వాడి, రక్తపోటు అదుపులోకి వచ్చిన తరువాత, మూడు నెలలు ఆలస్యంగా వెళ్లాడు. మేస్త్రీ పనికి బదులు డ్రైవరు పనికి ఒప్పందం చేసుకున్నాడు. జీతం కొంచెం తక్కువే. సెలవుకు వచ్చినప్పుడు మళ్లీ పరీక్ష చేయించుకొమ్మని చెప్పాను. ‘ఈ పని నా శరీరానికి సరిపోతుందా?’ అనే ప్రశ్నను ఓడల కాలంలో కూలీ వెళ్లి, బాధపడి, తిరిగివచ్చి అడిగాడు. ఇతడు విమానం ఎక్కకముందే అడిగాడు. మన ఊళ్ల నుండి వెళ్లే ప్రతివారూ అలాగే ముందే అడగాలని నా కోరిక.