ఆకుపచ్చ సూర్యుడు చెప్పిన గాలి లెక్క



1883లో, స్వభాను సంవత్సరం వినాయక చవితి వెళ్లిన కొద్ది రోజులకు, మన మదరాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. సెప్టెంబరు 9 మొదలు సిలోనులోనూ దక్షిణాదిలోనూ ఇదే వింత. మదరాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసరు మిచీ స్మిత్ ఆ వెలుగును పరికరంతో పరిశీలించి రాసిపెట్టాడు. తరువాత కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరు అయింది ఈయనే.

కారణం క్రకటోవా. జావా, సుమత్రాల నడుమ ఉన్న ఆ అగ్నిపర్వతం ఆగస్టు 27న పేలింది. అక్కడినుంచి మదరాసుకు సుమారు 3,500 కిలోమీటర్లు, పట్టింది 13 రోజులు. రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం కదా, వెంటనే లెక్క వేశాము: గంటకు 11 కిలోమీటర్లు. గూడ్సు బండి కూడా ఇంత మెల్లగా పోదు!

తప్పు లెక్కలో లేదు, దారిలో ఉంది. రంగు మారిన సూర్యుడు సెప్టెంబరు 2నే ట్రినిడాడ్‌లో కనిపించాడు, 5న హొనలూలూలో. అంటే ధూళి పడమటికి పోయి, ఆఫ్రికా, అట్లాంటిక్, పసిఫిక్ దాటి, భూమి చుట్టి తూర్పు వైపు నుంచి మన దగ్గరికి వచ్చింది. అలా చూస్తే గంటకు 120 కిలోమీటర్లకు పైమాటే. హొనలూలూలో ఉన్న బిషప్ అనే పాదిరి ఈ దారిని పట్టుకున్నాడు. బెలూను లేదు, రాడారు లేదు. ఏ ఊరు, ఏ తేదీ, అంతే. స్టేషను రిజిస్టర్లు రెండు పక్కపక్కన పెట్టి బండి వేగం చెప్పినట్టు.

అయితే పండితులు ఒక పొరపాటు చేశారు. భూమధ్యరేఖ మీద అంత ఎత్తున ఎప్పుడూ తూర్పుగాలే అనుకున్నారు. ఒకరోజు బండి నడకను టైంటేబులు అనుకోవడం ఇది. 1908లో బెర్సన్ తూర్పు ఆఫ్రికాలో బెలూన్లు వదిలితే పైన పడమటిగాలి తగిలింది. ఈ రెండు గాలులూ వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయని సర్దిచెప్పుకున్నారు. సుమారు 28 నెలలకు ఒక చుట్టుగా గాలి దిక్కే మారుతుందని 1960 ప్రాంతంలో గాని తేలలేదు.

ఇప్పుడు తిరుపతి దగ్గర గాదంకిలో రాడారు ఉంది. పైకి పంపిన రేడియో తరంగం తిరిగి వచ్చేటప్పుడు పౌనఃపున్యంలో వచ్చే చిన్న తేడాను బట్టి గాలి వేగం చెబుతుంది.

మన ఇళ్లలో పాత పంచాంగాలు, జమాఖర్చు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. స్వభాను భాద్రపదంలో ఎవరైనా పెద్దలు సూర్యుడి రంగు గురించి ఒక్క ముక్క రాసి ఉంటే, తేదీతో సహా ఫోటో తీసి సంఘానికి పంపండి.