బడుల కలయికయు స్థలస్వాతంత్ర్యమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాఠశాలల పరిపాలనకై యేర్పడిన స్థలవిభాగమును స్కూలు డిస్ట్రిక్టు అందురు. ఈ మాట విన్నంతనే మన చదువరులకు కలెక్టరును కచేరియుఁ గల జిల్లా స్ఫురించుట సహజము. పూర్వకాలపు స్కూలు డిస్ట్రిక్టు అంతటిది కాదు. ఒక బడి, దాని చుట్టు నివసించు కొలఁది కుటుంబములు, ఆ కుటుంబములవారు బడికొఱకుఁ దమపైఁ దామే వేసికొనిన పన్ను: పల్లెలలో డిస్ట్రిక్టన నింతియే. పట్టణములవానితోఁ గూడ లెక్కింపఁగా 1939-40వ సంవత్సరమున ఆ దేశమునం దిట్టివి 1,17,108 ఉండెను. 1970-71 నాటికి 17,995 మిగిలెను. ఇప్పుడు పదుమూఁడు వేలకుఁ గొంచె మించి యున్నవి. ఒక్క యుపాధ్యాయుఁడే నడపు బడులు 1929-30లో 1,49,282 ఉండఁగా 1970-71లో 1,815 మాత్రమే యుండెను. ఇంతటి మార్పు జరిగినప్పుడు బడులు బాగుపడెనా లేదా యని యడుగుట యొక ప్రశ్న. ఎవరి సమ్మతితో జరిగెనని యడుగుట మఱియొకటి. మేమిచట విచారింపఁబూనినది రెండవదానిని.

ఈ కథకు మొదలు మాసచూసెట్సు. అచ్చటివా రింగ్లండు రాజున కింకను లోఁబడియున్న కాలముననే, అనఁగా 1647లో, ఏఁబది యిండ్లుగల ప్రతి టౌనును చదువను వ్రాయను నేర్పు నుపాధ్యాయు నొకని నియమింపవలెననియు, నూఱిండ్లు గల టౌను లాటిను నేర్పు బడిని గూడఁ బెట్టవలెననియుఁ జట్టము చేసికొనిరి. టౌనన్న మాత్రమునఁ బట్టణ మనుకొనరాదు. కొన్ని పల్లెలును పొలములును గలసిన సీమ యది. జనము దూరదూరముగా నిండ్లు కట్టుకొని వ్యాపించినకొలఁది నడుమనున్న బడికిఁ బిల్లలు నడచిపోలేకపోయిరి. చలికాలమున మంచులో మూఁడు మైళ్లు నడచుట యెట్టిదో యాలోచింపుఁడు. అందుచేత 1789లో టౌనును డిస్ట్రిక్టులుగా విభజించుకొనుట కనుమతి నిచ్చిరి. 1800లోఁ బన్ను వేయు నధికారమును, 1817లో వ్యవహర్తృత్వమును డిస్ట్రిక్టులకు లభించెను. ఆ పిమ్మట పొరుగువారు నలువురు గూడి బడి యెచ్చటఁ గట్టవలెనో, పంతులమ్మకు జీతమెంతయో, పొయ్యిలోనికిఁ గట్టెలెవరు తేవలెనో నిర్ణయించుకొనఁ జొచ్చిరి. ఇంతకంటెఁ బ్రజలకు దగ్గఱయైన ప్రభుత్వము మఱియొకటి కలదా?

ఆ ప్రభుత్వము పిల్లలకు మేలుచేసెనా యనఁగా, అంతగాఁ జేయలేదనియే చెప్పవలెను. 1837 మొదలు 1848 వఱకు మాసచూసెట్సు విద్యామండలికిఁ గార్యదర్శిగా నుండిన హోరేస్ మాన్ రాష్ట్రమంతయుఁ దిరిగి బడులను జూచి, 1789 నాఁటి చట్టమువంటి దురదృష్టకరమైన చట్టము మఱి లేదనెను. ఒకే టౌనులో ధనికుల డిస్ట్రిక్టునందు మంచి బడి, ప్రక్కనే పేదల డిస్ట్రిక్టునందుఁ గప్పు కాఱుచున్న గది. కమిటీవాని బంధువునకే యుపాధ్యాయత్వము. ఏఁటికిఁ గొన్ని వారములు మాత్రమే చదువు. స్థలస్వాతంత్ర్యమను పేరున నొకచోట పిసినారితనమును, ఒకచోట పక్షపాతమును రాజ్యము చేయుచుండెనని మాన్ కనిపెట్టెను. ఆయన విమర్శను మేము కాదనఁజాలము. అయినను ఆ డిస్ట్రిక్టులు పూర్తిగా రద్దగుటకు 1882 వఱకుఁ బట్టెను. ఒకసారి రద్దుచేయుట, జనుల కేకలు విని మరలఁ బెట్టుట, ఇట్లు నడుమఁ గొన్నియేండ్లు గడచెను. పొరుగురాష్ట్రమైన వెర్మాంటు 1870లో ఇష్టమున్న టౌనులు డిస్ట్రిక్టులను రద్దుచేసికొనవచ్చునని చెప్పి చూచెను, ఇష్టపడినవి కొన్నియే. 1892లో నిర్బంధముగా రద్దుచేయఁగాఁ బల్లెలవారు దానిని దుష్టశాసనమని పిలిచిరి.

మాకు ముచ్చటయైనది మాత్రము 1888లో మాసచూసెట్సువారు చేసిన పని. అది చిన్నదగుటచేతఁ జరిత్రకారులు దానిని బహుళముగాఁ బేర్కొనరు. చిన్న టౌనులకు బడులను బర్యవేక్షింపఁదగిన విద్యావంతుఁడైన సూపరింటెండెంటు కావలెను. ఆతని జీతము నొక్క టౌను భరింపలేదు. కాఁబట్టి కొన్ని టౌనులు కలసి యొక్కనిని నియమించుకొనిన యెడల రాష్ట్రము సొమ్ముతో సాయపడునని యా చట్టము చెప్పెను. సూపరింటెండెంటు ఉమ్మడివాఁడు. బడులును, బడుల కమిటీలును ఎవరివి వారివే. కలుపవలసిన దేది, కలుపరాని దేది యను వివేక మిందుఁ గనఁబడుచున్నది. ఏరుపడిన యన్నదమ్ములు నూతిని ఉమ్మడిగా నుంచుకొని పొయ్యిలను వేఱుగాఁ బెట్టుకొనుట మన యిండ్లలో లేదా? నూయి యొక్కటియైనంత మాత్రమున వంట యొకరి యాజ్ఞపైఁ జేయవలసిన పనిలేదు.

న్యూయార్కు రాష్ట్రము వేఱొక మార్గమున నడచెను. 1925 నాఁటి చట్టముచేఁ గేంద్రపాఠశాలగాఁ గలసిన డిస్ట్రిక్టులకుఁ గట్టడపు ఖర్చులో నాలుగవవంతు, పిల్లలను బండ్లలోఁ దెచ్చు ఖర్చులో సగము రాష్ట్రమే యిచ్చుటకుఁ బూనుకొనెను. కలియుటకు ఓటర్ల సమ్మతి కావలెను. ఇంతేకాదు, కలసిన పిమ్మటఁ గూడ నొక పాత డిస్ట్రిక్టునందలి చిన్నపిల్లల బడిని ఆ చోటి యోటర్లు సమ్మతింపనిదే మూయరాదనెను. ఆశయు నభయమును రెండును జూపుటచేత ననేకము క్రమక్రమముగాఁ గలసెను. కాన్సాసులో నిందుకు విపరీతము జరిగెను. 1945లో జిల్లాకొక కమిటీని నియమించి, జనుల యోటు లేకయే బడుల నేకముచేయు నధికారమును దానికిచ్చిరి. 1947లో నా రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టము చెల్లదని తీర్పుచెప్పెను.

ఓటన్నచో నింకొక చిక్కు గలదు. మాసచూసెట్సు 1949లో టౌనులు తమలోఁ దాము ఒడంబడిక వ్రాసికొని ప్రాంతీయ డిస్ట్రిక్టులుగా నేర్పడుటకు దారియిచ్చెను. ఖర్చు నెట్లు పంచుకొనుట, కమిటీలో నెవరికెన్ని స్థానములు, విడిపోవుట యెట్లు, అన్నియు నా యొడంబడికలోనే. అయిదువందల జనము గల టౌను అయిదువేల జనము గల టౌనుతోఁ గలసినప్పుడు చెఱియొక స్థానమనిన పెద్దదానికి నన్యాయము. జనసంఖ్యను బట్టి యనిన చిన్నదాని నోరు మూసినట్లే. 1970లో అమెరికా సుప్రీంకోర్టు ఎన్నికైన విద్యాపాలకుల విషయమునఁ గూడ నొక్కొక్కరి యోటునకు సమానమైన విలువ యుండవలెనని చెప్పెను. అప్పుడు కొన్నిచోట్ల టౌనునకొక సభ్యుని నుంచి, ఆతని యోటునకు మాత్రము జనసంఖ్య ననుసరించి తూకము కట్టిరి. కూర్చుండుటకు సమానపీఠము, లెక్కకు వచ్చుసరికి వేఱు. ఇది యుక్తియే గాని చిన్న టౌనునకుఁ దృప్తి కాదు. బడిని మూయు విషయమొక్కటైన నా యూరివారి చేతిలో నుంచినఁ గాని వారి భయము తీఱదని మా యభిప్రాయము.

ఈ భయము సముద్రమున కావలివారిదే కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలలోని 3, 4, 5 తరగతులను సమీపపు టున్నతపాఠశాలలలోఁ గలుపఁబూనఁగా, రహదారులు దాఁటి పసిపిల్లలు పోవలసివచ్చునని తల్లులు పలుచోట్ల బడి గుమ్మముల యెదుట నిలిచి వాదించిరి. విషయనిపుణులగు నుపాధ్యాయులు లభింతురను ప్రభుత్వపక్షమున నిజము లేకపోలేదు. అయినను నిర్ణయ మైన పిమ్మటనే తల్లులకుఁ దెలిసెను. 2025లో నా యుత్తరువును రద్దుచేసిరి.

వెర్మాంటులో 1892 నాఁటి కలహము 2015లో మరలఁ దలయెత్తెను. ఆ యేఁటి 46వ చట్టము తొమ్మిదివందలమందికిఁ దక్కువ గాని విద్యార్థులు గల పెద్ద డిస్ట్రిక్టులే మేలని చెప్పి, త్వరగాఁ గలసినవారికిఁ బన్నులోఁ దగ్గింపు నిచ్చెను. కలియనివారిని 2018 నవంబరులో రాష్ట్రవిద్యామండలి తానే కలిపెను. ముప్పదికిఁ బైగా డిస్ట్రిక్టులు వ్యాజ్యమాడి 2020లో నోడిపోయెను.

వేయిమందికి లోపు జనము గల రిప్టను అను కొండయూరు మాత్రము వ్యాజ్యమున కెక్కలేదు. అది 2016లోనే తనంతటఁ దాను ఆఱు టౌనులతోఁ గలసెను. కొంతకాలమునకుఁ దన చిన్నబడి మూఁతపడునను వార్త పుట్టఁగా, 2021 జనవరిలో 163 ఓట్లు అనుకూలముగను, 107 ప్రతికూలముగను విడిపోవ నిశ్చయించెను. తక్కిన యాఱు టౌనులును సరియే యనెను. విడివడిన పిమ్మట సూపరింటెండెంటును, బండ్లను, అంగవైకల్యము గల పిల్లలకుఁ గావలసిన ప్రత్యేకశిక్షకులను దానొక్కతయే సమకూర్చుకొనవలసి వచ్చునని తేలెను. ఆ భారమును దెలిసికొని రిప్టను మరల నోటువేసి వెనుకటి కూటమిలోనికే చేరుటకు నిశ్చయించెను. పోవుటకును వచ్చుటకును గూడ నోటు ఆ యూరివారిదే.